నాట్యం కోసం చేయని పాదం: జైపూర్ డాక్టర్, మాస్టర్‌జీ, మన మయూరి

పోయిన ఎపిసోడ్‌లో కొమ్ము కోయ ఆట చూపించాం కదా. తల మీద అడవిదున్న కొమ్ములు, మెడలో పెద్ద డోలు, ఎదురుగా ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని వరసగా అడుగులు. ఆ షూట్ అప్పుడు మా కెమెరా తమ్ముడు ఒక మాట అడిగాడు. "అన్నా, వీళ్లలో ఎవరికన్నా కాలు పోతే మళ్లీ ఆడగలుగుతారా?" అని. నేను అప్పటికప్పుడు ఏం చెప్పలేదు. ఈ ఎపిసోడ్ అంతా దానికి జవాబే అనుకోండి. కొంచెం పెద్ద జవాబు, జైపూర్ దాకా పోయి రావాలి.

ముందు ఒక సంగతి. డాన్సర్ల కాళ్లు బాగుచేయడమే పనిగా పెట్టుకున్న డాక్టర్లు ప్రపంచంలో ఉన్నారు. న్యూయార్క్ సిటీ బ్యాలే అని పెద్ద నాట్య సంస్థ ఉంది. దానికి విలియం హామిల్టన్ అనే ఎముకల డాక్టర్ 1970ల నుంచి దశాబ్దాల పాటు పనిచేశాడు. బ్యాలేలో అమ్మాయిలు మొన గట్టిగా ఉండే బూట్లు వేసుకుని కాలి వేళ్ల కొసల మీద నిలబడతారు. ఆ నాట్యానికి మడమలో, బొటనవేలి దగ్గర ఎలాంటి దెబ్బలు తగులుతాయో ఆయన డాన్సర్లను చూసి చూసి నేర్చుకున్నాడు. మామూలు పేషెంటుకు "రెండు నెలలు రెస్ట్ తీసుకో" అంటే సరిపోతుంది. డాన్సర్‌కు రెండు నెలలంటే రావాల్సిన వేషం వేరేవాళ్లకు పోవడమే.

మన దగ్గర అలాంటి డాక్టర్ ఎవరు అని వెతికితే నాకు దొరికిన పేరు డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ. తమాషా ఏంటంటే ఆయన డాన్సర్ల డాక్టరే కాదు. డాన్సర్ల కోసం ఆయన ఏమీ తయారు చేయలేదు. పొలంలో దిగేవాళ్ల కోసం, నేల మీద కూర్చునేవాళ్ల కోసం, చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల కోసం ఒక పాదం చేశాడు. ఆ పాదం మీద ఒక అమ్మాయి భరతనాట్యం చేసింది. ఆ కథను తెలుగువాళ్లు సినిమా తీశారు. అదే 'మయూరి'.

మీలో చాలామందికి సుధా చంద్రన్ గారు తెలుసు. పేరు గుర్తు రాకపోయినా మొహం తెలుసు. 'నాగిని' సీరియల్లో యామిని! పెద్ద బొట్టు, కళ్లతోనే బెదిరించే ఆవిడ. ఆవిడ కుడికాలు మోకాలి కింద నుంచి లేదని ఆ సీరియల్ ఏళ్ల తరబడి చూసినవాళ్లలో కూడా ఎంతమందికి తెలుసో.

1981 మే నెల. సుధ ముంబైలో పెరిగిన అమ్మాయి, చిన్నప్పటి నుంచి భరతనాట్యం నేర్చుకుంది, అప్పటికే చాలా స్టేజీలు ఎక్కింది. వయసు ఇంకా 17 నిండలేదు. అమ్మానాన్నలతో తమిళనాడులో ప్రయాణం చేస్తుంటే యాక్సిడెంట్ అయింది. కాళ్లకు దెబ్బలు తగిలాయి. ముందు దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో చూశారు, తర్వాత మద్రాసుకు తీసుకెళ్లారు. అక్కడికి వెళ్లేసరికి కుడికాలికి గ్యాంగ్రిన్ పట్టిందని తేలింది. కాలు తీసేయక తప్పలేదు.

గ్యాంగ్రిన్ అంటే ఏంటో ఒక్క నిమిషం చెప్తాను, ఎందుకంటే మన ఏరియాలో ఇది ఈ రోజుకీ పనికొచ్చే ముచ్చట. శరీరంలో ఒక భాగానికి రక్తం అందకపోతే ఆ కండ చచ్చిపోతుంది. పుండు లోపల మురికి ఉండిపోయి, పైన గాలాడకుండా మూసేస్తే కొన్ని రకాల క్రిములు లోపల్లోపల కండను తినేస్తాయి. విరిగిన కాలికి మరీ బిగించి కట్టు కట్టినా ఇదే ప్రమాదం. కట్టు కట్టాక వేళ్లు చల్లబడుతున్నా, నీలంగా మారుతున్నా, తిమ్మిరెక్కి స్పర్శ పోతున్నా, నొప్పి రోజురోజుకీ తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. వాగు దాటి అయినా సరే ఆసుపత్రికి పోవాల్సిందే. వెదురు బద్దలు పెట్టి గట్టిగా కట్టించుకుని, నొప్పి సహజమే అనుకుని వారం రోజులు ఇంట్లో పడుకుని, చివరికి కాలు పోగొట్టుకున్నవాళ్లను ఎముకల డాక్టర్లు మన దేశమంతటా చూస్తూనే ఉన్నారు.

సరే, కథలోకి వద్దాం. అదే 1981లో డాక్టర్ సేథీకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పద్మశ్రీ కూడా ఆ ఏడాదే. సుధ మంచం మీద ఉండగా, చంక కర్రల మీద నడక నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక పత్రికలో ఆయన గురించి చదివి ఉత్తరం రాసింది. తర్వాత జైపూర్ వెళ్లి కలిసింది. ఆమెకు కావాల్సింది నడక ఒక్కటే కాదు. మళ్లీ నాట్యం చేయాలి.

ఆమె జైపూర్‌లో అడుగుపెట్టే టైముకు ఆ పాదం తయారై 10 ఏళ్లు దాటింది. కాబట్టి మనం ఇంకొంచెం వెనక్కి పోవాలి. అసలు కథ ఇక్కడే ఉంది.

సేథీ 1927లో కాశీలో పుట్టాడు. నాన్న బనారస్ హిందూ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. ఆగ్రాలో డాక్టర్ చదువు చదివి, ఎడిన్‌బరోలో ఎఫ్‌ఆర్‌సీఎస్ చేసి, 1954లో జైపూర్ సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో చేరాడు. చేరింది మామూలు సర్జన్‌గానే. తర్వాత అక్కడ ఎముకల విభాగం పెట్టాల్సి వచ్చి, దాన్ని ఆయనకు అప్పజెప్పారు. అలా కాళ్లు పోయినవాళ్లు ఆయన చేతికి వచ్చారు.

అప్పట్లో కాలు పోయినవాళ్లకు ఇచ్చే పాదం విదేశీ డిజైన్. లోపల గట్టి చెక్క, మడమ దగ్గర మాత్రం మెత్తని దిండు లాంటిది. చీలమండ దగ్గర అసలు వంగదు. దాని మీద బూటు తొడుక్కుని చదునైన రోడ్డు మీద నడిస్తే బాగానే ఉంటుంది. కానీ ఆ కాళ్లు పెట్టించుకుని ఇంటికి పోయినవాళ్లు కొన్నాళ్లకు వాటిని పక్కన పడేసి మళ్లీ కర్రల మీదే వచ్చేవాళ్లు. ఇక్కడ వేరే డాక్టరైతే "చదువులేని జనం, వాడుకోవడం రాదు" అనేవాడేమో. సేథీ ఎందుకు వాడట్లేదని వాళ్లనే అడిగాడు. నా లెక్కన ఆయన గొప్పతనంలో సగం ఈ ఒక్క పనిలోనే ఉంది.

వాళ్లు చెప్పింది ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో తాతను అడగండి. బూటుతో గుళ్లోకి పోలేం. వంటింట్లోకి పోలేం. బురదలోకి దిగితే బూటు కూరుకుపోతుంది. గొంతుకూర్చోవాలంటే చీలమండ వంగాలి. బాసింపట్టు వేసుకుని అన్నం తినాలంటే పాదం పక్కకు తిరగాలి. ఎగుడుదిగుడు నేల మీద నడవాలంటే పాదం నేలను బట్టి ఒరగాలి. ఆ విదేశీ పాదం ఇవేవీ చేయదు. పైగా చూడగానే అది కాలులా ఉండదు, దిమ్మెలా ఉంటుంది.

మా పెద్దనాన్న ఒకాయన ఉండేవాడు, దుమ్ముగూడెం దిక్కు వ్యవసాయం. ట్రాక్టర్ కింద పడి ఎడమకాలు పోయింది. ఒక పెద్దాసుపత్రిలో ఆయనకు కాలు ఇచ్చారు, బూటుతో సహా. ఆ కాలు మా పశువుల కొట్టంలో వాసానికి వేలాడుతూ ఉండేది. చిన్నప్పుడు మేం దాన్ని చూసి భయపడేవాళ్లం. వరినాట్ల టైములో ఆయన గట్టు మీద కూర్చుని కూలోళ్ల మీద అరవడం తప్ప చేసేదేం లేదు, అదే ఆయన బాధ. చాలా ఏళ్ల తర్వాత ఖమ్మంలో ఒక క్యాంపులో రబ్బరు పాదం పెట్టించుకొచ్చాడు. రెండో రోజే గట్టు దిగి మడిలో నిలబడ్డాడు. మా పెద్దమ్మ "కొత్త కాలు పాడైతది, ఎక్కు పైకి" అని తిడుతుంటే నవ్వుతూ నిలబడ్డాడు. బురద కడిగితే పోయేది, అంతే.

ఆ రబ్బరు పాదం ఎలా వచ్చిందంటే, దాని వెనక ఇంకో మనిషి ఉన్నాడు. రామచంద్ర శర్మ. అందరూ మాస్టర్‌జీ అనేవాళ్లు. పెద్దగా చదువుకోలేదు. చేతిపనివాడు, బొమ్మలు చెక్కడం, అచ్చులు పోయడం వచ్చు. ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పడానికి పెట్టుకున్నారు. అక్కడ కాళ్లు పోయినవాళ్లు పడే అవస్థ చూసి, నేనొక పాదం చేస్తానని మొదలుపెట్టాడు. డాక్టర్‌కు శరీరం తెలుసు, మాస్టర్‌జీకి వస్తువు తెలుసు. ఎముక ఎక్కడ ఎంత వంగుతుందో ఆయన చెప్తే, దేన్ని ఎలా పోస్తే అంత వంగుతుందో ఈయన చేసి చూపించేవాడు.

మొదట చెక్కతో ప్రయత్నించారు, స్పాంజితో ప్రయత్నించారు. కొన్ని వంగలేదు, కొన్ని చిరిగిపోయాయి. దారి దొరికింది టైర్ల దగ్గర. మాస్టర్‌జీ సైకిల్ పంచరైతే షాపు దగ్గర ఆగి, రబ్బరును వేడిచేసి అతికించడం చూసి ఐడియా పట్టాడని చెప్పుకుంటారు. ఏదేమైనా వాళ్లు వెళ్లింది లారీ టైర్లకు రీబటన్ వేసేవాళ్ల దగ్గరికే. మన కొత్తగూడెం రోడ్డు మీద, పాల్వంచ దగ్గర ఇలాంటి షాపులు చూసే ఉంటారు. పాత టైరుకు కొత్త రబ్బరు పట్టీ చుట్టి, అచ్చులో పెట్టి, వేడి మీద ఉడికిస్తారు. అదే పద్ధతి. మడమకు ఒక స్పాంజి రబ్బరు ముక్క, వేళ్ల వైపు ఇంకో ముక్క, పైన కాలికి బిగించడానికి చెక్క దిమ్మ. వీటిని టైర్లలో వాడే దారపు అల్లికతో చుట్టి, పైన చర్మం రంగు రబ్బరు వేసి, పాదం ఆకారంలో ఉన్న అచ్చులో పెట్టి ఉడికిస్తే వేళ్లతో సహా పాదం బయటికి వస్తుంది. పొడుగునా గట్టి కడ్డీ ఏమీ లేదు కాబట్టి అన్ని వైపులా వంగుతుంది. నీళ్లలో తడుస్తుంది, ఏం కాదు. ఆ పైన కాలికి అల్యూమినియం రేకును, మన దగ్గర గిన్నెలు చేసేవాళ్లలాగే, సుత్తితో కొట్టి ఆకారం తెచ్చేవాళ్లు.

1968 నాటికి పాదం సిద్ధమైంది. పేటెంట్ తీసుకోలేదు, ఎవరైనా చేసుకోవచ్చు. ఇక దేశమంతా ఎగబడింది అనుకుంటున్నారా? లేదు. మొదటి ఏడేళ్లలో 60 మందికి కూడా అందలేదు. వస్తువు కనిపెట్టడం ఒక పని, మనిషికి చేర్చడం ఇంకో పని. ఆ రెండో పని చేసినాయన దేవేంద్ర రాజ్ మెహతా అనే ఐఏఎస్ ఆఫీసర్. 1969లో ఆయనకే పెద్ద యాక్సిడెంట్ అయి కాలు పోయేంత పనయింది, అదృష్టం కొద్దీ దక్కింది. 1975లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి పెట్టి కాళ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి లెక్క వేలకు, లక్షలకు పోయింది. అఫ్గానిస్తాన్, కంబోడియా లాంటి చోట్ల మందుపాతర తొక్కి కాళ్లు పోయినవాళ్ల దాకా చేరింది.

నాకు ఒక కోపం ఉంది, చెప్పేస్తాను. 1978లో ఈ రబ్బరు పాదం గురించి ఒక విదేశీ జర్నల్లో పేపర్ వచ్చింది. రాసినవాళ్లుగా నాలుగు పేర్లు ఉన్నాయి, మొదటిది సేథీ. కానీ మెగసెసే వచ్చింది డాక్టర్ ఒక్కడికే. సేథీని తక్కువ చేయాలని కాదు. చేతిపనివాడిని తన టేబుల్ దగ్గర కూర్చోబెట్టుకున్న డాక్టర్లు ఆ రోజుల్లో ఎంతమంది? కానీ అవార్డుల లోకంలో చేతికి రబ్బరు అంటుకున్నవాడి పేరు ఎక్కడో జారిపోతుంది. మన ఊళ్లలో డోలు మీద కోయ చరిత్ర చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ రావడానికి 2022 దాకా పట్టింది. ఎవరి దగ్గర పని ఉందో వాళ్ల దగ్గర కాగితం ఉండదు, అదీ సంగతి.

ఇప్పుడు మళ్లీ సుధ దగ్గరికి. భరతనాట్యంలో పాదానికి ఏం పని ఉంటుందో చూడండి. అరమండి అంటే మోకాళ్లు పక్కకు తెరిచి సగం కూర్చుని ఉండాలి. ఆ భంగిమలో చీలమండ వంగకపోతే మనిషి వెనక్కి పడిపోతుంది. అరికాలు మొత్తం నేలకు కొట్టాలి, చప్పుడు రావాలి. ఒక్కోసారి మడమతో, ఒక్కోసారి వేళ్ల మీద. అంతా చెప్పుల్లేకుండా. బ్యాలే డాన్సర్‌కు బూటు ఉంది, మనకు పాదమే వాయిద్యం. ఇప్పుడు సేథీ పేషెంట్లు అడిగిన లిస్టు గుర్తు తెచ్చుకోండి: వంగాలి, ఒరగాలి, బూటు ఉండకూడదు, చూడ్డానికి పాదంలా ఉండాలి. రాజస్థాన్ రైతు అడిగిందీ భరతనాట్యానికి కావాల్సిందీ ఒకటే. మన నాట్యాలన్నీ గొంతుకూర్చుని, చెప్పుల్లేకుండా బతికిన జనంలో నుంచి వచ్చినవే కదా, అందుకే కుదిరింది అనిపిస్తుంది నాకు.

కుదిరిందంటే సులువుగా కుదిరిందని కాదు. రబ్బరు పాదానికి స్పర్శ లేదు. అడుగు నేలకు తగిలిందో లేదో తెలిసేది మొండికాలును పట్టుకుని ఉండే డిప్ప లోపల పడే ఒత్తిడితోనే. నాట్యంలో పాదం కొట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా మోకాలి కింద తెగిన చోటుకు పోతుంది. ప్రాక్టీసులో ఆమెకు మొండికాలు పగిలి రక్తం వచ్చేది. మానాక మళ్లీ మొదలు. అలా రెండేళ్లకు పైగా. 1984లో ముంబైలో మళ్లీ స్టేజీ ఎక్కింది. డాక్టర్ చేయగలిగింది పాదం ఇవ్వడం. మిగతా రెండేళ్లు ఆమెవి.

ఇక తెలుగువాళ్ల వంతు. ఈ కథను రామోజీరావు గారి ఉషాకిరణ్ మూవీస్ సినిమాగా తీసింది. డైరెక్టర్ సింగీతం శ్రీనివాసరావు, సంగీతం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. 1985లో వచ్చింది. అందులో ఒక నిర్ణయం గురించి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతా. హీరోయిన్‌గా వేరే నటిని పెట్టి కాలు లేనట్టు నటింపజేయొచ్చు. కానీ సుధనే తీసుకున్నారు. అప్పటిదాకా ఆమె సినిమాలో చేయలేదు, తెలుగు ఆమె భాష కాదు. అయినా తన కథలో తానే నటించింది. జాతీయ అవార్డుల్లో స్పెషల్ జ్యూరీ అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది హిందీలో 'నాచే మయూరి'గా తీశారు, అందులోనూ తనే. ఒక డాక్టర్ ప్రయోగం ఏంటో లక్షల మందికి అర్థమయ్యేలా చెప్పింది మన భాష సినిమా. మెడికల్ జర్నల్ చేయలేని పని అది.

అయితే సినిమా వల్ల ఒక తేడా కూడా వచ్చిందని నాకు అనిపిస్తుంది. జైపూర్ కాలు అనగానే జనానికి స్టేజీ, గజ్జెలు, చప్పట్లు గుర్తొస్తాయి. అద్భుతం అనుకుంటారు. మిగతా వాళ్ల మామూలు రోజులు కనపడవు. అసలు ఆ స్టార్‌కు కూడా మామూలు రోజుల్లో ఏం తక్కువ తిప్పలు లేవు. 2021 అక్టోబర్‌లో సుధా చంద్రన్ గారు ఒక వీడియో పెట్టారు. విమానాశ్రయంలో సెక్యూరిటీ చెకింగ్ అప్పుడు ప్రతిసారీ కాలు విప్పి చూపించమంటున్నారు, మాలాంటివాళ్లకు ఒక కార్డు ఇవ్వండి అని ప్రధానిని అడిగారు. భద్రతా అధికారులు క్షమాపణ చెప్పారు. 40 ఏళ్లు నాట్యం చేసినా, నీ కాలు విప్పు అంటూనే ఉన్నారు.

మన సరిహద్దు మాటకొస్తే, ఇక్కడ కాళ్లు పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. షుగర్ పుండ్లు, రోడ్డు యాక్సిడెంట్లు. వాటికి తోడు అడవిలో మందుపాతరలు. 2025 ఏప్రిల్‌లో కర్రెగుట్టల దిక్కు ఎవరూ రావొద్దు, బాంబులు పెట్టామని మావోయిస్టుల పేరుతో లేఖ వచ్చింది గుర్తుందా? అది పాత ఖమ్మం జిల్లా వెంకటాపురం పక్కనే. ఎవరు పెట్టారు, ఎవరి మీద పెట్టారు అనేది పక్కన పెట్టండి. నేలలో ఉన్నది తొక్కేది ఎవరు? ఇప్పపూలకు, తునికాకుకు, వెదురుకు పోయేవాళ్లు. చెప్పుల్లేని కాళ్లు.

అలాంటి మనిషికి రబ్బరు పాదం సరిగ్గా సరిపోతుంది, అతని లాంటివాళ్లు అడిగితేనే కదా అది పుట్టింది. కానీ క్యాంపులో ఒకసారి పెట్టించుకుని వస్తే అయిపోదు. కాలు తీసిన కొత్తలో మొండికాలు వాపు మీద ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ సన్నబడుతుంది. అప్పుడు డిప్ప వదులై ఒరుసుకుంటుంది, పుండు పడుతుంది. దాన్ని మళ్లీ కొలిచి మార్చాలి. రబ్బరు కూడా అరిగిపోతుంది, కొన్నేళ్లకు కొత్తది కావాలి. చర్లకు అవతల గుట్ట మీది గూడెం నుంచి దీనికోసం ఖమ్మమో హైదరాబాదో రెండోసారి, మూడోసారి రావాలంటే కూలి పోతుంది, బస్సు ఖర్చు, తోడుగా ఇంకో మనిషి. అందుకే చాలా కాళ్లు మా పెద్దనాన్న మొదటి కాలు లాగే వాసానికి ఎక్కుతాయి. ఈసారి తప్పు డిజైన్‌ది కాదు, దూరానిది. మీ ఊళ్లో ఎవరికైనా అలా వేలాడుతున్న కాలు ఉంటే, పక్కన కూర్చుని ఎందుకు వాడట్లేదు అని అడగండి. ఒరుసుకుంటోంది అంటే డిప్ప మార్పించాలి, అరిగింది అంటే పాదం మార్పించాలి. వికలాంగుల సర్టిఫికెట్, ఆధార్ దగ్గర పెట్టుకుని, క్యాంపు ఎప్పుడుందో ముందే కనుక్కుని తీసుకెళ్లండి. ఫోన్ మీ చేతిలోనే ఉంది.

డాక్టర్ సేథీ 2008 జనవరి 6న జైపూర్‌లో చనిపోయారు. 80 ఏళ్లు. జైపూర్‌లో ఆ పాదాలు ఇప్పటికీ అచ్చుల్లో ఉడుకుతూనే ఉన్నాయి. పైన కాలికి అల్యూమినియం బదులు ఇప్పుడు ఎక్కువగా నీళ్ల పైపులకు వాడే ప్లాస్టిక్ పైపును వేడిచేసి తొడుగుతున్నారు. మాస్టర్‌జీ చూస్తే ఇష్టపడేవాడే అనుకుంటా.

'మయూరి' చూడనివాళ్లు ఒకసారి వెతికి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో డోలు గురించి, ఆ తోలు ఎలా ఆరబెడతారు, ఏ కర్ర వాడతారు, అదంతా చూపిస్తాను. ఉంటా మరి.